ప్రభుత్వ భూమిలో వేట: అపోహలు - వాస్తవాలు

ఏటా డెన్వర్ నుంచి వయోమింగ్‌లోని కార్బన్ కౌంటీకి వేటకు వెళ్తానంటే మనవాళ్లు ముందు అడిగేది "పోలీసులు పట్టుకోరా?" అనే. మన దగ్గర వేటను నిషేధించిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వచ్చిన భయం అది. ఇక్కడ అమెరికాలో రాష్ట్రమే వేట లైసెన్సులు ఇస్తుంది. టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి.

అపోహ: ప్రభుత్వ భూమే కదా, ఎటు నుంచైనా వెళ్లొచ్చు.

వాస్తవం: అసలు తలనొప్పి ఇదే. 19వ శతాబ్దంలో రైలుమార్గం వేసినందుకు యూనియన్ పసిఫిక్ కంపెనీకి చదరపు మైలు ముక్కల్ని ఒకటి విడిచి ఒకటి ఇచ్చారు. మ్యాపులో చూస్తే చదరంగం బల్లే. ప్రభుత్వ గళ్లు మూలల్లోనే కలుస్తాయి. ఆ మూల దాటేటప్పుడు కాలు ప్రైవేటు నేలను తాకకపోయినా, భుజం ఆ నేల మీది గాలిలోంచి పోతుంది. 2021లో మిస్సోరీ వేటగాళ్లు నలుగురు ఎల్క్ మౌంటెన్ దగ్గర మూల మీద నిచ్చెన వేసి దాటారు. ప్రైవేటు నేలలోకి అక్రమంగా చొరబడ్డారని కేసు పెడితే, 2022లో స్థానిక జ్యూరీ వాళ్లను నిర్దోషులంది. ఆ ప్రైవేటు గళ్లున్న రాంచ్ (పశువుల క్షేత్రం) యజమాని వేసిన సివిల్ కేసులో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అలాగని పక్క గడిలోకి దిగితే మాత్రం కేసే. కంచె లేదు, బోర్డు లేదు అంటే కుదరదు. ఫోన్ మ్యాపులో గీత కాస్త అటూ ఇటూ అవుతుంది. సర్వేవాళ్లు పాతిన లోహపు బిళ్ల కంటికి కనబడితేనే నేను దాటుతాను.

అపోహ: లైసెన్సుంటే ఏ అడవైనా మనదే.

వాస్తవం: వయోమింగ్‌లోని ఫెడరల్ వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో (సహజంగా ఉంచేందుకు చట్టం కాపాడే అడవుల్లో) ఎల్క్ (పెద్ద జాతి జింక) లాంటి పెద్ద జంతువుల్ని వేటాడాలంటే, బయటి రాష్ట్రంవాళ్లకు లైసెన్సున్న గైడో, స్థానికుడో తోడుండాలి. ట్రెకింగ్‌కి అక్కర్లేదట, వేటకే కావాలట! నాకు నచ్చని రూల్, అయినా పాటించాల్సిందే.

అపోహ: హెచ్1బీ మీద ఉంటే తుపాకీ ముట్టకూడదు.

వాస్తవం: మామూలుగా అంతే. కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సుంటే ఫెడరల్ చట్టం మినహాయింపు ఇస్తుంది. దాని గడువు తీరాక తుపాకీ ఇంట్లో ఉంటే చిక్కే. ముందే లాయర్‌ని అడగండి.

అపోహ: కొమ్ములు తీసుకుని మాంసం పారేస్తారు.

వాస్తవం: తినదగ్గ మాంసం వదిలేస్తే నేరం. ప్రాంగ్‌హార్న్ (లేడి లాంటి జంతువు) మాంసం నీచు కొడుతుందంటారు. ఎండలో ట్రక్కు వెనక వేసుకుని తిరిగితే కొట్టదా మరి? పడినచోటే తోలు తీసి, గుడ్డ సంచుల్లో పెట్టి, వేడి దిగగానే ఐసులోకి చేర్చాలి. ఎల్క్, జింకలకైతే సీడబ్ల్యూడీ (జింక జాతికి వచ్చే ప్రాణాంతక మెదడు జబ్బు) పరీక్ష చేయిస్తాను. అది మనుషులకు సోకిన దాఖలా లేదు. అయినా పాజిటివ్ వస్తే తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది కాబట్టి, రిపోర్టు వచ్చేదాకా ఆ ప్యాకెట్లు ఫ్రీజర్‌లో వేరే అరలో ఉంటాయి.