డబ్బా దాచబోయే పిల్లలకు

శ్రీకాకుళం

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. ఈ కార్తీకంలో వనభోజనాలకు అందరం కలిసినప్పుడు ఒక రాత్రి తోటలోనే డేరాలు వేసుకుని ఉండాలనీ, తెల్లవారాక జియోక్యాచింగ్ (ఒకరు దాచిన డబ్బాను ఫోను చెప్పే చోటునుబట్టి మరొకరు వెతికే ఆట) ఆడాలనీ మీరు రాసిన ఉత్తరం అందింది. నాకు సమ్మతమే. అయితే డబ్బాలు ఎలా వెతకాలని మీరందరూ అడిగారు గాని, ఎలా దాచాలని ఒక్కరూ అడగలేదు. ఈ ఆటలో ఎక్కువ ఓర్పు, ఎక్కువ బాధ్యత కావలసింది దాచేవారికే కనుక, ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ సంగతే రాస్తున్నాను.

ఆట పుట్టుక మొదట చెబుతాను. అమెరికా సైన్యం నడిపే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను సామాన్య ప్రజలకు అందేసరికి కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. అందువల్ల మనం నిలబడిన చోటు వంద మీటర్ల వరకూ తేడాతో కనిపించేది. 2000 మే నెల మొదట్లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ పద్ధతి ఆగిపోయింది. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్‌లో కొన్ని వస్తువులూ ఒక పుస్తకమూ పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. దొరికినవారు ఏదైనా తీసుకుని, బదులుగా ఏదైనా పెట్టి, పుస్తకంలో రాసి వెళ్ళాలన్నదే షరతు. మైక్ టీగ్ అనే ఆయన అందరికంటే ముందు దాన్ని కనుగొన్నారు. ఈనాడు అటువంటి డబ్బాలు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా ఉన్నాయి. 2008లో వీడియో గేములు తయారుచేసే రిచర్డ్ గారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు అక్కడ కూడా ఒకటి ఏర్పాటు చేశారు.

ఉల్మర్ బకెట్‌లో చిక్కుడు గింజల డబ్బా ఒకటి ఉండేది. ఇప్పుడు తినే వస్తువేదీ పెట్టకూడదని నియమం. మన జిల్లాలో ఉంటే ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. జీడి, పనస పండే రోజుల్లో ఉద్దానం తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. బిస్కట్ ప్యాకెట్టు వాసన వాటిని అక్కడికి పిలిచినట్లే అవుతుంది.

ఫోను మనకు చోటు ఎలా చెబుతుందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తాము ఎక్కడున్నాయో, సమయమెంతో నిరంతరం పంపుతూ ఉంటాయి. ఆ సంకేతం మనను చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి ఫోను దూరాన్ని లెక్కకడుతుంది. ఆ లెక్క సరిగా తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఆకాశం బాగా కనిపించే మైదానంలో ఐదు మీటర్లు అటూ ఇటూగా చోటు తెలుస్తుంది. దట్టమైన మామిడి చెట్ల కిందా, కొండ వాలులోనూ సంకేతం అడ్డుపడి, రాళ్ళకు తగిలి తిరిగి వచ్చి, తేడా పెరుగుతుంది.

ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతుల లెక్కన రాస్తారు. శ్రీకాకుళం 18వ డిగ్రీ ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద దాదాపు 1.85 కిలోమీటర్లు, వెయ్యోవంతు అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ. 20.125 నిమిషాలు అని రాయవలసినచోట మీరు తొందరలో 20.215 అని రాశారనుకోండి, వెతికేవారు దాదాపు 165 మీటర్లు దూరంగా, ఎవరిదో వరిచేలో నిలబడతారు. అందుకే దాచేవారు ఒక్కసారి చూసి అంకెలు రాసుకోకూడదు. డబ్బా పెట్టినచోట ఫోనును కదపకుండా కాసేపు ఉంచి చూడాలి, దూరంగా నడిచి వేరే దిక్కునుంచి మళ్ళీ వచ్చి చూడాలి, వీలైతే మరో రోజు కూడా చూసి, వచ్చిన అంకెలన్నిటికీ సగటు తీయాలి. మీలో లెక్కలంటే ఇష్టపడేవాళ్ళకు ఈ పని అప్పగిస్తున్నాను.

వెతకడం గురించి కొద్దిగానే చెబుతాను. పది మీటర్ల దూరానికి వచ్చాక ఫోను జేబులో పెట్టేయండి. అక్కడినుంచి పని కళ్ళదే. ఒకేచోట వరుసగా పేర్చినట్లున్న రాళ్ళు, చుట్టుపక్కల ఆ జాతి చెట్టు లేకపోయినా కనిపించే ఎండుకొమ్మ, తాటిమట్టల మధ్య మరీ పొందికగా పడి ఉన్న మట్ట, ఇలాంటివి గమనించాలి. చేయి మాత్రం ఎక్కడా గుడ్డిగా పెట్టవద్దు. రాతి సందు, పుట్ట, చెట్టు తొర్ర ఏదైనా సరే, మొదట పొడుగాటి కర్రతో కదిపి, టార్చి వేసి చూసిన తరువాతే. ఇది నేను మరీ మరీ చెబుతున్నాను.

ఇక దాచడం. డబ్బాను నేలలో తవ్వి పాతిపెట్టకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు, ఆ స్థలం ఎవరిదో వారి అనుమతి లేకుండా పెట్టకూడదు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. గుడి ఆవరణలు, రైలు పట్టాలు, వంతెనలు, పోలీసు స్టేషన్లు, బడులు, ఇవన్నీ వదిలేయండి. ఎవరిదో తెలియని మూసిన డబ్బా కనిపిస్తే జనం భయపడతారు, భయపడటం న్యాయమే. అందుకే లోపలున్నది పైకి కనిపించే డబ్బా వాడి, మూత మీద "ఇది జియోక్యాచింగ్ ఆట డబ్బా, ప్రమాదం లేదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి.

శాలిహుండంలో దాచుదామని మీరు రాశారు. కొండ మీద స్తూపాలు, కింద వంశధార, అంతకంటే అందమైన చోటు మన జిల్లాలో అరుదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ ఒక్క ఇటుకను కదిపినా తప్పే. అయినా ఆ కొండను ఆటలో చేర్చే మార్గం ఉంది. మొదటి మజిలీలో డబ్బా ఉండదు, ప్రశ్నలే ఉంటాయి. శాఖవారు పెట్టిన బోర్డు మీద ఉన్న ఒక సంవత్సరాన్ని చదివి, మెట్లను లెక్కపెట్టి, వచ్చిన అంకెలతో కూడికలు తీసివేతలు చేస్తే, అసలు డబ్బా ఎక్కడో దూరంగా, అనుమతి తీసుకున్న ఒక తోటలో ఉన్నట్లు తేలుతుంది. అప్పుడు వచ్చినవారు బోర్డును తప్పకుండా చదువుతారు. మామూలుగా అయితే దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు.

తేలినీలాపురం కూడా వద్దు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకునే చెట్లు ఊరివారు కన్నబిడ్డల్లా కాపాడుకుంటున్న చెట్లు. మనం వాటి కింద తచ్చాడితే పక్షులు బెదురుతాయి.

డబ్బా ఎంపికలో మన సముద్రపు గాలిని మరచిపోవద్దు. కళింగపట్నం వైపు రేకు డబ్బా ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. నాలుగువైపులా బిగించే మూత, మూత లోపల రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ డబ్బా మంచిది. పట్టీ మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా లోపలికి చెమ్మ దిగుతుంది కాబట్టి, మూసేముందు వేలితో చుట్టూ తుడిచి చూడాలి. నోటు పుస్తకాన్ని జిప్ కవరులో పెట్టి, పెన్నుకు బదులు పెన్సిలు ఉంచండి; చెమ్మకు సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. డబ్బాను నేలకు ఆనించకుండా రాయి మీద ఉంచితే చెద త్వరగా చేరదు. పెట్టిన తరువాత రెండు మూడు నెలలకొకసారి వెళ్ళి చూడగలిగినచోటే దాచాలి. మీరు విశాఖపట్నంలో ఉంటారు కనుక మందసలో దాచవద్దు.

డేరాల సంగతికి వస్తే, ఈసారికి మన తోటే మేలు. ఏటి ఇసుక తిన్నె మీదా, ఎండిన గెడ్డలోనూ (వాగులోనూ) ఎప్పుడూ డేరా వేయకూడదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల నుంచి వస్తున్నాయి. మనకు నక్షత్రాలు కనిపిస్తున్న రాత్రే అక్కడ కుండపోత కురిసి, నీరు తెల్లవారేలోగా దిగి రావచ్చు. కార్తీకం తుఫానుల కాలం కూడా. 2018 అక్టోబరులో తిత్లీ మన పలాస ప్రాంతాన్ని ఎలా చెల్లాచెదురు చేసిందో పెద్దవాళ్ళను అడగండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే వనభోజనం ఇంటి వసారాలో పెట్టుకుందాం. డేరా జిప్పు రాత్రంతా మూసి ఉండాలి, ఎందుకంటే కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. ఎవరికైనా కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటువైద్యం ఏవీ చేయకుండా, కదలనివ్వకుండా, 108కి ఫోను చేయాలి.

సముద్రతీరంలో డేరాలు వేయాలన్న కోరికను వచ్చే సంవత్సరానికి ఉంచుదాం, అదీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం తప్పించి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రుళ్ళు మన తీరాలకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. తరువాత పిల్లలు బయటికి వచ్చి వెలుతురున్న వైపుకు నడుస్తాయి. సహజంగా అది సముద్రం మీది వెలుతురు. మన లాంతరు వెలిగితే అవి లాంతరు వైపు తిరిగి, కుక్కల నోట పడతాయి.

ఈ ఆటవారు ఊళ్ళో అందరూ కలుసుకునే సమావేశాలు కూడా జరుపుతారు. 500 మందికి పైగా వచ్చే పెద్ద సమావేశాల్లో చాలామంది రోజుల తరబడి డేరాల్లోనే ఉంటారట. నాకు వీటన్నిటిలో నచ్చింది 2002 నుంచి వస్తున్న ఒక అలవాటు: డబ్బా వెతకడానికి వెళ్ళినవారు ఆ చోటి చెత్త ఏరి తేవడం. ఉసిరిచెట్టు కింద భోజనం చేయాలన్న మన ఆచారం ఎంత మంచిదో, భోజనాలయ్యాక ఆ చెట్టు కింద మిగిలే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు అంత బాధ పెడతాయి. మనం విస్తరాకులు, స్టీలు గ్లాసులు తీసుకువెళదాం. పక్క తోటలో ఇతరులు వదిలేసినవి కూడా మనమే ఏరుదాం. ఒక్కొక్కరికి ఒక్కో గోనెసంచి నేను సిద్ధం చేస్తాను.

ఈలోగా మీరు చేయవలసిన పని ఒకటుంది. తోటలో డబ్బా ఎక్కడ దాచుతారో కాగితం మీద పటం గీసి, ఆ చోటే ఎందుకో కారణం రాసి నాకు పంపండి. పక్క తోట గట్టు మీద అయితే ఆ రైతును అడగడానికి మీరే నాతో రావాలి; ఆయనకు ఈ ఆట ఏమిటో మీ నోటితోనే చెప్పాలి. ఆయన వద్దంటే మరో చోటు చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య