టైప్ వన్ షుగర్: ఆయుష్షు ఎక్కడ తరుగుతుంది?

ఆరేడేళ్ల పిల్లకు టైప్ వన్ షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే జబ్బు, అని తేలగానే ఇంట్లో అందరి మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: "మా బిడ్డ ఎన్నేండ్లు బతుకుతది?" దాటవేయకుండా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. 1922కు ముందైతే నెలలు, మహా అయితే ఏడాది రెండేళ్లు. ఆ జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత అతను 13 ఏళ్లు బతికాడు.

ఇప్పటి లెక్క వేరు. స్కాట్లాండ్‌లో 2008 నుంచి 2010 వరకు చూస్తే, 20 ఏళ్ల వయసున్న టైప్ వన్ వాళ్ల సగటు ఆయుష్షు షుగర్ లేనివాళ్ల కంటే మగవాళ్లలో 11 ఏళ్లు, ఆడవాళ్లలో 13 ఏళ్లు తక్కువగా తేలింది. కిడ్నీలు బాగా పనిచేస్తున్నవాళ్లలో ఆ తేడా ఎనిమిదేళ్లకు తగ్గింది. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 వరకు 1,441 మంది టైప్ వన్ వాళ్లను గమనించారు. మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, 9 దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే 7 దగ్గర ఉంచుకున్నవాళ్లలో కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. తర్వాతి దశాబ్దాల్లో వాళ్లలో మరణాలు కూడా తక్కువే.

ఆ 7 అంకె దాకా పోకముందే ప్రాణం తీసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఘోరమైనది పసరు మందు నమ్మి ఇన్సులిన్ ఆపడం. సూది మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మిగిలినవి కాస్త కోలుకుంటాయి. డోసు సగానికి పడిపోతుంది, షుగర్ మామూలుగా కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో చెట్ల మందు ఇస్తే పేరు దానికి వస్తుంది. కొన్ని నెలల్లో ఆ కణాలూ పోతాయి. అప్పటికి ఇన్సులిన్ మానేసిన బిడ్డ కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాసతో ఆసుపత్రికి చేరుతుంది. తగ్గిన డోసును డాక్టరే నిర్ణయించాలి, సున్నా మాత్రం చేయకూడదు.

రెండోది సిరంజి. మెడికల్ షాపులో దొరికే మామూలు సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ మూత. 40 సీసా మందును నారింజ సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 4 యూనిట్లే. కార్ట్రిడ్జ్ మందును ఎర్ర సిరంజిలో 10 గీతకు లాగితే 25 యూనిట్లు పోతాయి, రాత్రికి రాత్రే ప్రాణం మీదికి వస్తుంది. సిరంజి కొన్న ప్రతిసారీ మూత రంగు, సీసా మీది అంకె పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక ఎండాకాలం. వరంగల్‌లో మే నెలలో 43 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతుంది. తెరవని సీసాకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. వాడుతున్నది చాలా రకాలకు 30 డిగ్రీల లోపు 28 రోజులు ఆగుతుంది, తెరిచిన తేదీ సీసా మీదే రాయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టి కుండ, అందులో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక. సీసాను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. గాలి ఆడే నీడలో పెట్టి రోజుకు రెండు మూడుసార్లు ఇసుక తడపాలి. పొడి ఎండలో ఇది బాగా చల్లబడుతుంది, వానాకాలం ముసురులో అంతగా కాదు. ఫ్రిజ్ ఉన్నా ఫ్రీజర్‌కు ఆనించొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

జ్వరం వచ్చి తినకపోతే "తిండి లేదు కదా" అని సూది మానేస్తారు. జ్వరంలో షుగర్ పెరుగుతుంది, ఇన్సులిన్ లేకపోతే కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు తయారవుతాయి. ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. మూడు నాలుగు గంటలకోసారి షుగర్, మూత్రంలో కీటోన్లు చూడాలి. వాంతులు ఆగకపోతే ఆసుపత్రే. కళ్లు, పాదాలు, బీపీ, మూత్రంలో అల్బుమిన్, థైరాయిడ్ పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్నాళ్లకోసారి చేయాలో డాక్టర్‌ను అడిగి తేదీ రాసిపెట్టుకోండి.

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర రెండు గంటలు చప్పట్లు కొడుతూ తిరిగిన పిల్లకు షుగర్ అక్కడే పడకపోవచ్చు. కండరాలు ఖర్చుపెట్టిన చక్కెరను రాత్రంతా రక్తం నుంచి తిరిగి నింపుకుంటాయి, పడిపోయేది తెల్లవారుజామున. ఆ రాత్రి ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే అడిగి పెట్టుకోండి. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున రెండు మూడు గంటలప్పుడు ఒకసారి షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. నెయ్యి కలిపిన మలీద ముద్ద అప్పుడు పనికిరాదు, కొవ్వు వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.