వంకాయ నివేదిక మిగిల్చిన పేచీ

జన్యుమార్పిడి పంటలపై జాతీయ విధానం ఎవరిని అడిగి రాయాలన్న గొడవ మళ్లీ పైకొచ్చింది. 2024 జులై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: కేంద్రం జాతీయ విధానం తయారుచేయాలి, అందుకు నిపుణులను, రాష్ట్రాలను, రైతు ప్రతినిధులను సంప్రదించాలి. ఆ నిపుణులు ఎవరన్నదే ఇప్పటి పేచీ. కమిటీల్లో ఎప్పుడూ కనిపించే నలుగురేనా, యూనివర్సిటీ ల్యాబుల్లో ఈ పని చేస్తున్నవాళ్లకూ కుర్చీ ఉంటుందా?

బీటీ పత్తి (పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి) కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నా లెక్కలో ముడి పడింది 2010లో. అదీ బీటీ వంకాయను ఆపేసిన ఫిబ్రవరిలో కాదు, సెప్టెంబరులో.

ఆ ఏడాది జనవరిలో జరిగింది మన దేశానికి కొత్త. అంతకుముందు, 2009 అక్టోబరు 14న, జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ బీటీ వంకాయకు పచ్చజెండా ఊపింది. సుప్రీంకోర్టు పంపగా ఆ కమిటీలో కూర్చున్న, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ అడ్డు చెప్పారు, చేయాల్సిన పరీక్షలు చేయలేదన్నారు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ సంతకం పెట్టకుండా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. కోల్‌కతాలో మొదలై బెంగళూరులో ముగిశాయి. హైదరాబాద్ వంతు జనవరి 31న, మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడాలో వచ్చింది. మొత్తం మీద దాదాపు 8000 మంది వచ్చారు. రైతు, విత్తన కంపెనీ మనిషి, ప్రొఫెసర్, పరిశోధక విద్యార్థి ఒకే హాల్లో, ఒకే మైకు ముందు నిలబడ్డారు.

యూనివర్సిటీలన్నీ ఒకవైపే ఉన్నాయనుకుంటే పొరపాటు. మహికో విత్తన కంపెనీతో కలిసి ఆ వంగడాలు తయారుచేసింది కోయంబత్తూరు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయాలే. సభలంటే కేకల పోటీ అని, భద్రతను చేతులెత్తించి తేల్చరని అక్కడివాళ్లు అన్నారు. అందులో కొంత నిజముంది, కొన్నిచోట్ల గలాటా జరిగింది కూడా. కానీ ఫిబ్రవరి 9న మంత్రి ఇచ్చిన 19 పేజీల నిర్ణయం చదివితే కేకలు కాదు, వాదనలు కనబడతాయి. శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదని, కంపెనీతో సంబంధం లేని స్వతంత్ర పరీక్షలు కావాలని, తొందరపడే అవసరమేమీ లేదని ఆయన రాశారు. శాస్త్రవేత్తలు పంపిన ఉత్తరాలను అనుబంధంగా జతచేశారు. ఎవరేం అన్నారో పేరుతో సహా చదువుకోవచ్చు.

తర్వాత ఆయనే దేశంలోని ఆరు సైన్స్ అకాడమీల అభిప్రాయం అడిగారు. సెప్టెంబరులో ఉమ్మడి నివేదిక వచ్చింది. బీటీ వంకాయను పరిమితంగా విడుదల చేయొచ్చని అందులో ఉంది. చదివినవాళ్లకు ముందు అనుమానం తెప్పించింది ఆ సిఫార్సు కాదు, నివేదికలో లేనివి. ఎవరిని సంప్రదించారో లేదు, ఆధారాల పట్టిక లేదు. కొన్ని పేరాలైతే బీటీ వంకాయ తయారీలో పాలుపంచుకున్న ఒక శాస్త్రవేత్త అంతకుముందే రాసిన వ్యాసం నుంచి మక్కీకి మక్కీ దిగాయి. పీహెచ్‌డీ థీసిస్‌లో ఇదే పని చేస్తే ఏమవుతుందో ఏ గైడునైనా అడగండి. డిసెంబరులో ఆధారాలు చేర్చి మళ్లీ ఇచ్చారు. సిఫార్సు మాత్రం మారలేదు.

ఆ దెబ్బ అకాడమీల దగ్గర ఆగలేదు. జనవరిలో ఎవరి పేరుతో వాళ్లు మాట్లాడిన పరిశోధకుల స్థానంలోకి సెప్టెంబరులో సంస్థల గొంతు వచ్చింది. ఆ గొంతు మీదే నమ్మకం పోయాక మిగిలింది కోర్టు. 2012లో సుప్రీంకోర్టు సాంకేతిక కమిటీ వేసింది, మళ్లీ పేర్లు ఎంపిక చేసి. అన్నట్టు, 2010లోనే జీఈఏసీ పేరులో 'అప్రూవల్' (అనుమతి) పోయి 'అప్రైజల్' (మదింపు) వచ్చింది. అంత పెద్ద కదలికలో మిగిలిన సంస్కరణ అదొక్కటేనేమో అనిపిస్తుంది.

ఇక ఇటీవలి సంగతి. 2022 మార్చి 30న కేంద్రం కొన్ని రకాల జన్యు సవరణ (మొక్క సొంత జన్యువులోనే మార్పు చేసిన) పంటలను జీఈఏసీ గడప తొక్కనక్కర్లేదని మినహాయించింది. బయటి జన్యువు మొక్కలో మిగలదు కాబట్టి పాత నియమాలు అక్కర్లేదన్నది ప్రభుత్వ వాదన. 2025 మే 4న ప్రకటించిన కమల వరి ఆ దారిలో వచ్చిందే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ దాన్ని మన బాపట్ల సాంబ మసూరి నుంచి తీసింది. సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. మంచి వంగడమే కావొచ్చు. ఏడు నగరాల సభ మాత్రం దానికి జరగలేదు.

నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని ఆ మధ్య ఒక ముసాయిదా మీద నాలుగు పేజీల అభ్యంతరం రాసింది. గైడు చదివి, బాగుందన్నారు, యూనివర్సిటీ పేరు తీసేసి పంపమన్నారు. ఆయన టెన్షన్ అర్థం కానిదేమీ కాదు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమావళిలో 9వ నిబంధన ప్రభుత్వ విధానాన్ని విమర్శించొద్దంటుంది. 2022 మేలో వచ్చిన సామాజిక బాధ్యత మార్గదర్శకాలేమో శాస్త్రవేత్తలు ఏడాదికి పది రోజులు సమాజానికి ఇవ్వాలంటాయి. బడిపిల్లలకు పాఠం చెబితే, ల్యాబు పరికరాలు పంచుకుంటే ఆ లెక్కలో పడుతుంది. నాలుగు పేజీల అభ్యంతరం పడుతుందా అని ఆ అమ్మాయి తన డిపార్ట్‌మెంట్‌లో అడిగింది. ఇంకా ఎవరూ బదులివ్వలేదు.