రెడ్ సాక్స్ – యాంకీస్ 2004: అపోహలు, వాస్తవాలు

బోస్టన్ శివార్లలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు బేస్‌బాల్ పిచింగ్ (బ్యాటర్‌కి బంతి వెయ్యడం) నేర్పుతుంటాను. ప్రతి ఏడూ మా జట్టులో నలుగురైదుగురు తెలుగు పిల్లలుంటారు. వాళ్ల నాన్నలు క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ మొదలయ్యాయంటే ప్రాక్టీస్ అయ్యాక కారు దగ్గర ఆపి అడిగే ప్రశ్నలన్నీ ఎటు తిరిగినా 2004 దగ్గరికే వస్తాయి. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఊళ్లో ఆ ముచ్చట పాతబడలేదు. కాకపోతే అందరి నోళ్లలో నలిగీ నలిగీ సగం నిజం, సగం కథ అయిపోయింది. పిల్లలు ఆ కథనే పట్టుకుని మైదానంలోకి వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు స్కోర్లు. ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందుగా నాలుగు గెలిచినవాళ్లదే పైచేయి. మొదటి మూడూ న్యూయార్క్ యాంకీస్ గెలిచింది: 10-7, 3-1, 19-8. తర్వాతి నాలుగూ బోస్టన్ రెడ్ సాక్స్ గెలిచింది: 6-4, 5-4, 4-2, 10-3. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 0-3తో వెనకబడి సిరీస్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. 2020లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ అలాగే 3-3 దాకా వచ్చి ఏడో మ్యాచ్‌లో ఓడిపోయింది.

అపోహ: అది వరల్డ్ సిరీస్.

కాదు. మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్ ఫైనల్. రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ ఆ తర్వాత జరిగింది, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని బోస్టన్ 4-0తో ఓడించింది. అక్టోబర్ 27న, సంపూర్ణ చంద్రగ్రహణం రాత్రి అది ముగిసింది. కానీ ఇక్కడివాళ్లను అడిగితే ఆ నాలుగు మ్యాచ్‌ల గురించి పెద్దగా చెప్పరు. యాంకీస్‌తో ఆడిన ఏడింటి గురించి మాత్రం తెల్లవార్లూ చెబుతారు.

అపోహ: బోస్టన్‌కు 86 ఏళ్ల శాపం ఉండేది, ఆ రాత్రితో తీరింది.

కథ ఇదీ. 1919 చివర్లో బోస్టన్ యజమాని తన స్టార్ ఆటగాడు బేబ్ రూత్‌ని లక్ష డాలర్లకు యాంకీస్‌కి అమ్మేశాడు. అప్పటికి బోస్టన్ ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచింది, యాంకీస్ ఒక్కసారీ గెలవలేదు. ఆ తర్వాత 2004 వచ్చేసరికి యాంకీస్ ఖాతాలో 26, బోస్టన్ ఖాతాలో అదే ఐదు. లెక్క చూస్తే ఎవరికైనా శాపమనే అనిపిస్తుంది.

కానీ ఆ మధ్యకాలంలో బోస్టన్ 1946, 1967, 1975, 1986లలో నాలుగుసార్లు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. నాలుగుసార్లూ ఏడో మ్యాచ్‌లోనే ఓడింది. శాపం తగిలిన జట్టు నాలుగుసార్లు ఆఖరి మెట్టుదాకా ఎలా వస్తుంది? నన్నడిగితే అసలు సంగతి వేరే ఉంది, దాని గురించి మాట్లాడటానికి ఇక్కడ చాలామందికి ఇబ్బంది. 1945 ఏప్రిల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ బోస్టన్ సొంత మైదానం ఫెన్వే పార్క్‌లోనే ట్రయల్స్‌కి వచ్చాడు. బోస్టన్ తీసుకోలేదు. రెండేళ్లకు అతను బ్రూక్లిన్ తరఫున ఆడి, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా చరిత్ర మార్చాడు. నల్లజాతి ఆటగాడికి జట్టులో చోటివ్వడంలో మేజర్ లీగ్ మొత్తంలో అందరికంటే ఆఖరున నిలిచింది బోస్టనే, 1959లో. అంతటి ఆటగాళ్లను చేతులారా వదులుకున్న జట్టు ఏళ్ల తరబడి గెలవకపోతే ఆ పాపం బేబ్ రూత్ మీదకి నెట్టడం న్యాయం కాదు. ఈ మాట పిల్లలకు కూడా చెబుతాను.

అపోహ: నాలుగో మ్యాచ్‌లో డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించడం అదృష్టం.

బేస్ దొంగిలించడమంటే, పిచర్ బ్యాటర్‌కి బంతి వేస్తుండగానే, అది కొట్టేదాకా ఆగకుండా రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను నేర్పేవాటిలో ఇదీ ఒకటి.

తొమ్మిదో ఇన్నింగ్స్ (స్కోరు సమం కాకపోతే అదే ఆఖరిది), యాంకీస్ 4-3తో ముందుంది. ఇంకో మూడు అవుట్లు పడితే బోస్టన్ ఇంటికే. యాంకీస్ పిచర్ మరియానో రివేరా. బోస్టన్ బ్యాటర్ కెవిన్ మిలార్‌కి నాలుగు బాల్స్ (సరైన చోట పడని బంతులు) పడ్డాయి, రూల్ ప్రకారం మొదటి బేస్‌కి నడిచాడు. అతని బదులు పరిగెత్తడానికి రాబర్ట్స్ వచ్చాడు. సిరీస్ మొత్తంలో అతను ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. జులై ఆఖర్న డాడ్జర్స్ నుంచి తెచ్చుకున్న మనిషి. ఆ ఏడు 41 సార్లు బేస్ దొంగతనానికి ప్రయత్నించి 38 సార్లు నెగ్గాడు. అలాంటివాడికి అదృష్టంతో పనేముంది?

మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కి 90 అడుగులు. పిచర్ కదలిక మొదలైన దగ్గర్నుంచి బంతి బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లోవ్‌లో పడేదాకా సుమారు 1.3 సెకన్లు పడుతుంది. క్యాచర్ లేచి రెండో బేస్‌కి విసరడానికి ఇంకో 2 సెకన్లు. ఆ మూడుంపావు సెకన్లలోనే దొంగ రెండో బేస్ చేరాలి. అతను పరిగెత్తుతాడని మైదానంలో అందరికీ తెలుసు. రివేరా వరుసగా మూడుసార్లు మొదటి బేస్‌కి విసిరి అతన్ని వెనక్కి రప్పించాడు. నా ఉద్దేశంలో ఆ మూడు విసుర్లు రాబర్ట్స్‌కే పనికొచ్చాయి. చలిలో గంటలకొద్దీ డగౌట్‌లో కూర్చున్న కాళ్లు కదిలాయి, రివేరా భుజం ఎప్పుడు ఎటు తిరుగుతుందో కళ్లారా చూసుకున్నాడు. బ్యాటర్‌కి పడిన మొదటి బంతికే పరుగు తీశాడు. క్యాచర్ పోసాడా విసిరిన బంతి మంచిదే. రెండో బేస్ దగ్గర జీటర్ అందుకుని కిందికి గ్లోవ్ తెచ్చేలోపు, తలముందుగా దూకిన రాబర్ట్స్ చెయ్యి బేస్‌ని తాకింది. వెంట్రుకవాసి తేడా.

మా పిల్లలకు ఆ వీడియో ఆపి ఆపి చూపిస్తాను. దూకడం చూడొద్దు, దూకడానికి ముందు అతని ఎడమ కాలు ఎక్కడుందో చూడండి అంటాను. (ఇప్పుడైతే రూల్ మారింది. 2023 నుంచి ఒక బ్యాటర్ ఉండగా పిచర్ రెండుసార్లకు మించి అలా విసిరి రన్నర్ అవుట్ కాకపోతే, రన్నర్‌కి బేస్ ఊరికే వస్తుంది.)

ఆ వెంటనే బోస్టన్ బ్యాటర్ బిల్ మ్యూలర్ బంతిని నడిమధ్య నుంచి కొట్టాడు, రాబర్ట్స్ హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు, అక్కడికి చేరితే పరుగు) చేరాడు, 4-4. అదే మ్యూలర్ జులై 24న అదే ఫెన్వేలో అదే రివేరా మీద హోమ్ రన్ (గోడ దాటించే షాట్) కొట్టి మ్యాచ్ గెలిపించాడు. ఇది కూడా గాలివాటం కాదు. పన్నెండో ఇన్నింగ్స్‌లో బోస్టన్ ఆటగాడు డేవిడ్ ఆర్టిజ్ హోమ్ రన్‌తో మ్యాచ్ అయిపోయేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయింది.

అపోహ: రివేరా చేతులెత్తేశాడు.

ఈ మాట విన్నప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ సిరీస్ మొదలయ్యే ముందే పనామాలో అతని ఇంట్లో ప్రమాదం జరిగి ఇద్దరు బంధువులు చనిపోయారు. అంత్యక్రియలకు వెళ్లి, విమానంలో తిరిగొచ్చి, అదే రోజు మొదటి మ్యాచ్‌ను గెలుపుతో ముగించాడు. నాలుగో మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్ కాదు, రెండు ఇన్నింగ్స్ వెయ్యమన్నారు.

ఐదో మ్యాచ్ సంగతి ఇంకా అన్యాయం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతన్ని పిలిచేసరికి ఒక్క అవుటూ లేదు, మొదటి బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. మూడో బేస్‌లో ఉన్నది మళ్లీ రాబర్ట్సే. యాంకీస్ ఆధిక్యం ఒక్క పరుగు. బోస్టన్ బ్యాటర్ వారిటెక్ బంతిని దూరంగా గాల్లోకి లేపాడు, క్యాచ్ పట్టాక రాబర్ట్స్ పరిగెత్తి హోమ్ చేరాడు. స్కోరు సమం. అంతే, ఇంకో పరుగు పోలేదు. ఎవరో పెట్టిన మంటను ఆర్పడానికి వచ్చినవాడు ఒక్క గదితో సరిపెట్టి ఇల్లు కాపాడితే, స్కోరు పుస్తకంలో మాత్రం ఆధిక్యం పోగొట్టిన పిచర్ అని అతని పేరే పడింది. 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరి ఓటుతో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొట్టమొదటి ఆటగాడు ఇతనే.

అపోహ: ఆరో మ్యాచ్‌లో అంపైర్లు బోస్టన్‌ని గెలిపించారు.

రెండు నిర్ణయాలు మారిన మాట నిజం, రెండూ బోస్టన్‌కే కలిసొచ్చాయి. బోస్టన్ ఆటగాడు మార్క్ బెల్‌హార్న్ కొట్టిన బంతి గోడ దాటి ప్రేక్షకుడి ఛాతీకి తగిలి తిరిగి లోపల పడింది. ముందు రెండు బేస్‌లే అన్నారు, మాట్లాడుకుని హోమ్ రన్ ఇచ్చారు, మూడు పరుగులు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ట్యాగ్ చెయ్యబోతున్న (బంతితో తాకి అవుట్ చెయ్యబోతున్న) బోస్టన్ పిచర్ అరోయో చేతిలోని బంతిని యాంకీస్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్ చేత్తో కొట్టి రాల్చాడు. ముందు నాటౌట్. మళ్లీ గుంపుగా నిలబడి మాట్లాడుకుని అవుట్ ఇచ్చారు, హోమ్ దాకా వచ్చిన జీటర్‌ని మొదటి బేస్‌కి పంపేశారు. న్యూయార్క్ ప్రేక్షకులు మైదానంలోకి వస్తువులు విసిరారు, పోలీసులు వచ్చి గీత పొడవునా నిలబడ్డారు.

అప్పటికి రీప్లే చూసే పద్ధతే లేదు. హోమ్ రన్ల వరకు 2008లో వచ్చింది, మిగతావాటికి 2014లో. టీవీ సాయం లేకుండా, యాభై వేలమంది అరుస్తుంటే, తమ మొదటి నిర్ణయం తప్పని ఒప్పుకుని సరైనది ఇచ్చారు. ఇప్పుడు వీడియో ఎన్నిసార్లు తిప్పి చూసినా రెండూ కరెక్టే.

అపోహ: మంచి జట్టే గెలిచింది, అదృష్టానికి చోటే లేదు.

ఇదీ తప్పే. ఏడు మ్యాచ్‌ల పరుగులు కూడి చూడండి: యాంకీస్ 45, రెడ్ సాక్స్ 41. ఓడిన జట్టే ఎక్కువ కొట్టింది. ఐదో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 4-4 మీద, రెండు అవుట్లయ్యాక, యాంకీస్ ఆటగాడు టోనీ క్లార్క్ కొట్టిన బంతి కుడివైపు మూలలో ఒక్క గెంతు గెంతి ప్రేక్షకుల్లో పడింది. అలా పడితే రూల్ ప్రకారం రెండు బేస్‌లే, కాబట్టి మొదటి బేస్ నుంచి బయల్దేరిన సియెరా మూడో బేస్‌లో ఆగాల్సి వచ్చింది. గోడ ఇంకో అడుగు ఎత్తుంటే అతను సునాయాసంగా హోమ్ చేరేవాడు, యాంకీస్ ముందుకెళ్లేది. చివరికి పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఆర్టిజే గెలిపించాడు, 5 గంటల 49 నిమిషాల ఆట తర్వాత. నాలుగో మ్యాచ్ ముగిసిందీ, ఐదో మ్యాచ్ ముగిసిందీ ఒకే తేదీన, అక్టోబర్ 18న.

అపోహ: బోస్టన్ పిచర్ షిల్లింగ్ కాలి మేజోడు, ఆ రక్తం మరకల సాక్సే సిరీస్ గెలిపించింది. 19-8 మ్యాచ్ దండగ, మర్చిపోవచ్చు.

షిల్లింగ్ చేసింది చిన్న పని కాదు. చీలమండ దగ్గర స్నాయువు జారకుండా డాక్టర్లు చర్మాన్ని లోపలి కణజాలానికి కుట్టేస్తే, ఆ కుట్ల మీదే ఆరో మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్స్ వేసి ఒకే పరుగిచ్చాడు. కానీ రక్తంతో తడిసిన ఆ సాక్స్ టీవీలో కనిపించింది, బోస్టన్ పిచర్ కీత్ ఫోక్ చెయ్యి కనిపించలేదు. ఫోక్ నాలుగు, ఐదు, ఆరు మ్యాచ్‌లలో, అంటే మూడు రోజుల్లో, దాదాపు వంద బంతులు వేశాడు. ఆఖర్న వచ్చి ఒక్క ఇన్నింగ్స్ వేసే పిచర్‌కి అది ఎంత భారమో పిచింగ్ చేసినవాళ్లకే తెలుస్తుంది.

పోయినేడాది ఓ మ్యాచ్‌లో మావాడొకడు 71 బంతులు వేశాక దింపేశాను. వాళ్ల నాన్న ఫెన్సింగ్ దగ్గరికొచ్చి, "కోచ్ గారూ, ఒక్క ఓవర్ అండీ, వాడు బాగానే ఉన్నాడు" అన్నారు. ఆయన ప్రేమ నాకు అర్థమైంది. బెంచీ మీద పిల్లాడు మాత్రం కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, ఎవరూ చూడట్లేదనుకుని. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ రూల్ ప్రకారం ఆ వయసువాళ్లు ఒక రోజులో 66 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేస్తే నాలుగు రోజులు పిచింగ్ చెయ్యకూడదు. రూల్ లేకపోయినా వేయించేవాణ్ణి కాదు.

పెద్దవాళ్లకు అలాంటి రూల్ లేదు, కానీ చెయ్యి చెయ్యే. అక్టోబర్ 15న వాన పడి మూడో మ్యాచ్ 16కి జరిగింది, మధ్యలో విశ్రాంతి రోజు పోయింది. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు. 16న బోస్టన్ చిత్తుగా ఓడిపోతోంది. ఓడే మ్యాచ్‌లో మిగిలిన ఇన్నింగ్స్ ఎవరు వెయ్యాలి? బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లు ఉండే చోట) ఉన్నవాళ్లందరినీ వాడేస్తే మర్నాడు ఎవరూ మిగలరు. అప్పుడు టిమ్ వేక్‌ఫీల్డ్ నేను వేస్తానన్నాడు. నాలుగో మ్యాచ్ ప్రారంభించాల్సింది అతనే, ప్లేఆఫ్స్‌లో స్టార్ట్ చెయ్యడమంటే ఏ పిచర్‌కైనా ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు. అది వదులుకుని, గెలవని మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌కి పైగా వేశాడు. పరుగులు బాగానే ఇచ్చాడు. పైగా ముందు ఏడాది ఇదే యాంకీస్‌కి ఏడో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ చేతిలో హోమ్ రన్ ఇచ్చి, సిరీస్ పోగొట్టాడన్న మాట మోస్తున్నవాడు అతనే.

అతని బదులు డెరెక్ లో నాలుగో మ్యాచ్ మొదలుపెట్టాడు. రెండు రోజుల విశ్రాంతితోనే ఏడో మ్యాచ్ కూడా వేశాడు, ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ (బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరడం) ఇచ్చాడు. ముందురోజు దాచుకున్న చేతులే నాలుగో మ్యాచ్‌ని పన్నెండో ఇన్నింగ్స్ దాకా లాక్కొచ్చాయి. ఐదో మ్యాచ్‌లో ఇక పిచర్లు మిగలక మళ్లీ వేక్‌ఫీల్డే వచ్చాడు. అతని నకిల్‌బాల్ తిరగకుండా గాల్లో ఊగుతూ వస్తుంది, ఎటు పోతుందో అతనికే తెలియదు. పదమూడో ఇన్నింగ్స్‌లో బోస్టన్ క్యాచర్ కూడా అయిన వారిటెక్ చేతికి మూడుసార్లు అందలేదు. ప్రతిసారీ యాంకీస్ ఒక బేస్ ముందుకి జరిగింది, కానీ పరుగు రాలేదు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, మూడు ఇన్నింగ్స్‌లూ సున్నా. విజయం అతని పేరు మీదే రాశారు.

వేక్‌ఫీల్డ్ 2023 అక్టోబర్ 1న చనిపోయాడు. ఆ వారం ప్రాక్టీస్‌లో పిల్లలకు నాలుగో మ్యాచ్ వీడియో పెట్టలేదు. మూడో మ్యాచ్ పెట్టాను, 19-8ది, అతను మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీదికి నడుచుకుంటూ వచ్చే చోటు నుంచి.