డయాగ్రమ్‌లో పిన్ను వేరు, చేతిలో కాలు వేరు: హాబీ సర్క్యూట్లు గీసేవాళ్ల అపోహలు

"సార్, సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే సోల్డర్ చేశాను. అయినా రిలే టిక్ అనట్లేదు." ప్రాజెక్ట్ రివ్యూలు దగ్గర పడ్డాయంటే చిక్కడపల్లిలో నా గదికొచ్చే ప్రతి రెండో కుర్రాడూ ఇదే అంటాడు. రిలే అంటే కరెంటుతో నడిచే స్విచ్. "అచ్చం అలాగే" అన్న మాట వినబడగానే బోర్డు తిప్పి ట్రాన్సిస్టర్ కాళ్లు చూస్తాను. చాలాసార్లు రోగం అక్కడే దొరుకుతుంది.

అపోహ: డయాగ్రమ్‌లో భాగం ఎలా కనబడుతుందో, దాని కాళ్లూ అదే వరసలో ఉంటాయి.

ఉండవు. ట్రాన్సిస్టర్ గుర్తులో బేస్ పక్కకి, కలెక్టర్ పైకి, ఎమిటర్ కిందికి ఉంటాయి. అది ఏ కాలు ఏం పని చేస్తుందో చెప్పే బొమ్మ, అంతే. శుభలేఖ చూస్తే ఎవరికి ఎవరితో పెళ్లో తెలుస్తుంది గానీ, భోజనాల బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు కదా.

బీసీ547ని చదును వైపు మనకేసి, కాళ్లు కిందికి పెట్టి పట్టుకోండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904ని అలాగే పట్టుకుంటే ఎమిటర్, బేస్, కలెక్టర్. ప్లాస్టిక్ 2222 సంగతి ఇంకా ఘోరం. పీఎన్2222ఏ అని ఉంటే ఎమిటర్ ముందు, పీ2ఎన్2222ఏ అని ఉంటే కలెక్టర్ ముందు. మధ్యలో ఒక్క అంకె దూరితే వరస మొత్తం తిరగబడింది. కోఠి గుజరాతీ గల్లీలో కౌంటర్ వెనక మనిషి "547 లేదన్నా, గిది పెట్టుకో, సేమే" అని చేతిలో పెడతాడు. ఆయన అబద్ధమేం చెప్పలేదు, అది కూడా అదే పని చేస్తుంది. కాళ్ల వరస సేమా అని మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు.

కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే ట్రాన్సిస్టర్ వెంటనే చచ్చిపోదు. చస్తే నయమే, తెలిసిపోయేది. గెయిన్, అంటే కరెంటుని పెంచే శక్తి, బాగా పడిపోయి నీరసంగా నడుస్తుంది. ఎల్ఈడీ మసకగా వెలుగుతుంది, రిలే కదిలీ కదలనట్టు ఉంటుంది. ఇక కుర్రాళ్లు తప్పు కోడ్‌లో ఉందనుకుని రాత్రంతా ఆర్డ్యునో ప్రోగ్రామ్ మారుస్తూ కూర్చుంటారు. పైగా బీసీ547 ఎమిటర్-బేస్ జంక్షన్ రివర్స్‌లో తట్టుకునేది 6 వోల్టులే. 12 వోల్టుల రిలే తగిలిస్తే, బేస్‌కి సిగ్నల్ ఆపినా వెనక దారిన కరెంటు కారుతుంది.

వోల్టేజిని ఒకే స్థాయిలో నిలిపే రెగ్యులేటర్లు మాత్రం ఇంత ఓపిక పట్టవు. 7805 వరస ఇన్, గ్రౌండ్, అవుట్. 7905 వరస గ్రౌండ్, ఇన్, అవుట్. ఎల్ఎం317 అయితే అడ్జస్ట్, అవుట్, ఇన్. డయాగ్రమ్‌లో మూడూ ఒకేలాంటి డబ్బాలు, చేతిలోనూ ఒకేలాంటి నల్ల ముక్కలు. వీపున ఉన్న లోహపు రేకు కూడా ఒకటి కాదు. 7805కి అది గ్రౌండ్, 7905కి ఇన్‌పుట్, 317కి అవుట్‌పుట్.

ఉప్పల్ నుంచి ఒక పాలిటెక్నిక్ అమ్మాయి డ్యూయల్ సప్లై (ప్లస్, మైనస్ వోల్టేజీలు రెండూ ఇచ్చే) బోర్డు తెచ్చింది. 7805, 7905 రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి నేరుగా బిగించింది. స్విచ్ వేసినప్పుడల్లా ఫ్యూజ్ ఎగిరిపోతోంది. "నాకు ఎలక్ట్రానిక్స్ రాదేమో సార్" అంటుంటే కళ్లలో నీళ్లు. ఆమె గీసిన డయాగ్రమ్‌లో ఒక్క గీత కూడా తప్పు లేదు. నెగెటివ్ ఇన్‌పుట్ హీట్‌సింక్ మీదుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతోందని ఆ కాగితం ఎలా చెబుతుంది? కరెంటు దాటకుండా మైకా షీట్, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వేసి పంపాను.

కాబట్టి గుర్తు ఆకారం చూసి కాదు, పిన్ నంబర్ చూసి బిగించండి. సర్క్యూట్లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో సింబల్ పిన్ నంబరే ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద ఆ భాగం కూర్చునే చోటు) ప్యాడ్ నంబర్‌కి ముడిపడుతుంది. అందుకే ఏదో ఒక ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్ గుర్తు పెట్టేయకుండా, మీరు కొన్న భాగం పేరుతో ఉన్నదే ఎంచుకోండి. మీ చేతిలో ఉన్న ముక్క మీద ఏ నంబర్ ఉందో ఆ డేటాషీటే తెరవండి. ఇంకా అనుమానమైతే మల్టీమీటర్‌లో గెయిన్ కొలిచే హెచ్ఎఫ్ఈ సాకెట్ ఉంటుంది. బీసీ547ని సరిగ్గా గుచ్చితే వందల్లో అంకె వస్తుంది, తిప్పి గుచ్చితే బాగా తక్కువ వస్తుంది.

అపోహ: ఈఆర్‌సీలో (డయాగ్రమ్‌ని సాఫ్ట్‌వేర్ చేసే ఎలక్ట్రికల్ తనిఖీలో) ఎర్ర గుర్తు వచ్చిందంటే సర్క్యూట్ కాలిపోతుంది.

పవర్ పిన్‌కి ఎక్కడి నుంచీ పవర్ రావట్లేదన్న ఎర్రర్ చూసి భయపడని కొత్తవాళ్లు లేరు. భయపడకండి. బ్యాటరీ గుర్తునీ కనెక్టర్‌నీ కీక్యాడ్ మామూలు పిన్నులుగానే చూస్తుంది, పవర్ అక్కడి నుంచే వస్తోందని దానికి తెలియదు. వీసీసీ (ప్లస్ లైన్) మీద ఒకటి, గ్రౌండ్ మీద ఒకటి పవర్ ఫ్లాగ్ పెట్టండి, పోతుంది. అలాగని ఎర్రర్లు సున్నా అయ్యాయని సంబరపడొద్దు. 220 ఓమ్‌ల చోట 220 కిలో ఓమ్‌లు రాసినా అది నోరెత్తదు.

అపోహ: గేట్లు, ఆప్-ఆంప్‌లు గీసేస్తే చిప్ గీసినట్టే.

ఎల్ఎం358 చిప్‌లో రెండు ఆప్-ఆంప్‌లు (సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్లు) గీసి, పవర్ యూనిట్ మరిచిపోతారు. 8వ పిన్ను ప్లస్, 4వది గ్రౌండ్. షీట్‌లో అవి కనబడకపోతే బోర్డు మీద ఆ చిప్‌కి తిండి లేనట్టే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రెండు గీతలు దాటుకున్నంత మాత్రాన కలిసినట్టు కాదు, చుక్క ఉంటేనే కలిసినట్టు. నాలుగు తీగలు ఒకే చుక్క దగ్గర కలపకండి, కాస్త జరిపి రెండు చోట్ల కలపండి. ఫ్రిట్జింగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బ్రెడ్‌బోర్డు బొమ్మ స్నేహితుడికి చూపడానికి బాగుంటుంది, తీగలు ఇరవై దాటాక మీకే అర్థం కాదు. ఉచిత సాఫ్ట్‌వేర్ పిల్లలాటకేనని, దానితో చేసిన బోర్డు అమ్మితే కేసు పెడతారని పుకార్లు పుట్టించేవాళ్లకి నా దగ్గర ఓపిక లేదు. 1992లో జాన్-పియర్ షారా మొదలుపెట్టిన కీక్యాడ్‌కి తర్వాత ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ ఇంజనీర్లు కూడా చెయ్యి వేశారు. మీరు గీసింది మీదే, అమ్ముకోండి. ఆటోడెస్క్ కంపెనీ సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ ఈగిల్‌లో గీసిన పాత ఫైళ్లున్నవాళ్లు వాటిని కీక్యాడ్‌లోకి దిగుమతి చేసుకోండి. ఈగిల్‌ని 2026 జూన్ 7తో ఆపేస్తామని ఆటోడెస్క్ ముందే చెప్పింది.

సాయం కావాలంటే పీడీఎఫ్ తీసి పంపండి. లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపితే ఆ మెరుపులో పిన్ నంబర్లు కనబడవు, నాకు కావలసినవి అవే.