గోటి మీద పడిన గాడి

వానలు మొదలుకాకముందు అనంతపురం పల్లెల్లో విత్తనం కోసం వేరుశనగ కాయలు వలుస్తారు. మొన్న అరుగు మీద కాయలు వలుస్తున్న ఒక పెద్దావిడ బొటనవేలి గోరు నా కంటపడింది. దాని మీద అడ్డంగా సన్నని గాడి ఉంది. "కాయలు వలిచి అరిగిందిలే నాయనా" అన్నారు. అరిగితే బొటనవేలు, చూపుడువేలు అరగాలి గానీ చిటికెనవేలి గోటికీ అదే గాడి ఎందుకుంటుంది? పదింటికీ ఉంది.

గోరు తయారయ్యేది దాని మొదట్లో, చర్మం కింద. ఒంటికి పెద్ద జబ్బు చేస్తే అక్కడ పని కొన్నాళ్లు మందగిస్తుంది. ఆ లోటే గాడిగా మిగులుతుంది. 1846లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు బో పేరే దానికి పెట్టారు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆమె గాడి మొదలుకు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. "ఉగాది ప్రాంతంలో జ్వరమేమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగాను. టైఫాయిడ్‌తో పది రోజులు మంచం పట్టారట.

గోరు మధ్యలో గుంటపడి, నీటి చుక్క వేస్తే జారకుండా నిలిస్తే ఇనుము లోపం ఉందేమో రక్తపరీక్షలో చూడాలి. ఎప్పుడూ నీళ్లలో నానే చేతులకూ అలా కావచ్చు.

రెండు చూపుడువేళ్ల గోళ్లను వీపుకు వీపు ఆనించి చూడండి. మొదళ్ల దగ్గర చిన్న సందు కనబడాలి. అది మూసుకుపోతే ఊపిరితిత్తులనో గుండెనో పరీక్ష చేయించాలి. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు షామ్రాత్ తన జబ్బులో తన వేళ్ల మీదే దీన్ని గమనించి 1976లో ప్రకటించాడు.

పిల్లల గోళ్ల మీద పూసే తెల్లపూలు ఎక్కువగా ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. కాల్షియం లోపమనే పెద్దల మాట కన్నా కొంగలిచ్చాయనే పిల్లల మాటే అందంగా ఉంది! నల్లచారను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మన రంగు వాళ్లకు సన్నచారలు మామూలే. ఒకే గోటిపై కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే చర్మవైద్యుడికి వెంటనే చూపించాలి.

"ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే గాడి కనబడదులే" అని ఆమె నవ్వారు. ఆ ఎరుపు దీపావళికల్లా గోటి కొసకు జరిగిపోతుంది. గాడి అంతకుముందే కత్తిరింపులో రాలిపోతుంది.