కరెంటు దాచుకున్న లోహాలు

మా ఊళ్లో బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకి పట్టుకెళ్లేవాళ్లం. మెకానిక్ మాడిపోయిన తీగంతా లాగి, చుట్ట చుట్టి కాటా మీద పెట్టేవాడు. ఆ పాత రాగికి ధర కట్టి బిల్లులో తగ్గించేవాడు. నల్లగా కమిలిపోయిన తీగకి అంత విలువేమిటని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. దానికి సరైన జవాబు చాలా ఏళ్ల తర్వాత, యూరప్ లోహ పరిశ్రమల గురించి చదువుతుంటే దొరికింది.

రాగి, అల్యూమినియం, జింకు, సీసం, నికెల్ లాంటివాటిని కలిపి ఇనుమేతర లోహాలు అంటారు. ఇవి ఖనిజంలో గంధకాన్నో ఆక్సిజన్‌నో గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలంటే బోలెడు మంట కావాలి, లేదా బోలెడు కరెంటు కావాలి. అసలు ఖర్చంతా అక్కడే.

ఈ సంగతి ఫిన్లాండ్‌కి తెలిసొచ్చినంత బాగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. అక్కడ ఔటోకుంపు సంస్థ కరెంటు కొలిమిలో రాగి తీసేది. యుద్ధం ముదిరాక 1944లో ఆ కొలిమిని సరిహద్దు దగ్గరున్న ఇమాత్రా నుంచి పడమటి వైపు హర్యవల్తాకి తరలించారు. యుద్ధంలో ఓడి, కరేలియా ప్రాంతాన్ని సోవియట్ యూనియన్‌కి అప్పగించేసరికి దాంతోపాటు జలవిద్యుత్ కేంద్రాలూ పోయాయి. కొలిమి ఉంది, ఖనిజం ఉంది, కరెంటు లేదు. అప్పుడు అక్కడి ఇంజనీర్లకి ఒక ఆలోచన తట్టింది. రాగి ఖనిజంలో ఉన్న గంధకం, ఇనుము మండే గుణం ఉన్నవే కదా, వాటినే ఇంధనంగా ఎందుకు వాడుకోకూడదు?

ఖనిజాన్ని మెత్తటి పొడి చేసి, తడి లేకుండా ఆరబెట్టి, వేడి గాలితో కలిపి ఎత్తయిన గొట్టం లాంటి కొలిమిలోకి పైనుంచి వదిలారు. ప్రతి రేణువూ కిందికి పడుతూ పడుతూనే భగ్గుమని మండి కరిగిపోతుంది. అడుగున రెండు పొరలు కడతాయి. రాగి ఎక్కువగా ఉన్న బరువైన ద్రవం కింద, కరిగిన వ్యర్థమైన తేలికైన చిట్టెం పైన. 1949లో హర్యవల్తాలో మొదలైన ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. మన దేశంలో ఘాట్‌శిల, ఖేత్రి రాగి కర్మాగారాల్లోనూ ఇలాంటి కొలిములే పెట్టారు. కరెంటు లేక పుట్టిన పద్ధతి ఇంత దూరం వచ్చిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

జర్మనీలోని హాంబర్గ్ రాగి కర్మాగారం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. గంధకం మండితే వచ్చే వాయువుని గాల్లోకి వదలకుండా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తారు. అలా మార్చేటప్పుడూ వేడి పుడుతుంది. 2018 నుంచి ఆ వేడిని పైపుల్లో పంపి, ఆ నగరంలోని హాఫెన్‌సిటీ పేట తూర్పు భాగంలోని ఇళ్లని చలికాలంలో వెచ్చగా ఉంచుతున్నారు.

కొలిమి దాటాక రాగిని మందపాటి పలకలుగా పోసి ఆమ్లపు తొట్లలో వేలాడదీస్తారు. కరెంటు పారుతుంటే రాగి ఒక పలక నుంచి కరిగి, ఎదుటి పలక మీద 99.99 శాతం శుద్ధంగా పేరుకుంటుంది. తొట్టి అడుగున నల్లటి బురద మిగులుతుంది. చూస్తే పారబోయాలనిపిస్తుంది గానీ వెండి, బంగారం, సెలీనియం, టెల్లూరియం అన్నీ అందులోనే ఉంటాయి.

అల్యూమినియానికి ఈ వెసులుబాటు లేదు. దాని ఖనిజంలో మండేదేమీ ఉండదు. 1886లో ఫ్రాన్స్‌లో ఎరూ, అమెరికాలో హాల్ విడివిడిగా కనిపెట్టిన విద్యుద్విశ్లేషణే, అంటే కరెంటు పారించి లోహాన్ని విడదీయడమే, నేటికీ దిక్కు. ఒక టన్ను తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. నెలకి 150 యూనిట్లు వాడే ఇల్లు దాదాపు 8 ఏళ్లు గడుపుకునేంత! అందుకే ఈ కర్మాగారాలు గనుల దగ్గర కంటే కరెంటు దొరికే చోటే ఎక్కువగా వెలిశాయి. ఫ్రాన్స్‌లో డంకర్క్ కర్మాగారాన్ని గ్రావ్‌లిన్ అణు విద్యుత్ కేంద్రానికి దగ్గర్లో పెట్టారు. నార్వేలో జలపాతాలే ఆధారం. ఐస్‌లాండ్‌లో అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ గని ఒక్కటీ లేదు. అయినా 1969 నుంచి అక్కడ అల్యూమినియం తీస్తున్నారు. కరెంటుని ఓడలో ఎక్కించలేం కాబట్టి ముడిసరుకే ఓడెక్కి వస్తుంది.

2022లో గ్యాస్, కరెంటు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు నెదర్లాండ్స్‌లోని బూదెల్‌లో జింకు ఉత్పత్తి కొంతకాలం ఆగిపోయింది. స్లొవాకియాలోని జియార్‌లో ఖనిజం నుంచి అల్యూమినియం తీయడం మానేశారు. వందల మంది పని పోయింది. కార్లకీ గాలిమరలకీ ఈ లోహాలే దిక్కని చెప్పుకునే ఖండంలో ఇలా జరిగిందంటే బాధే.

ఇక మిగిలింది తుక్కు. పాత అల్యూమినియాన్ని మళ్లీ కరిగించడానికి మొదట పట్టిన శక్తిలో 20వ వంతు చాలు. అంటే పాత కిటికీ చట్రమైనా, ఖాళీ డబ్బా అయినా ఒకసారి ఖర్చుపెట్టిన కరెంటుని దాచుకున్న మూట. అందుకే యూరప్ నుంచి ఏటా బయటికి వెళ్లే లక్షల టన్నుల తుక్కు మీద అక్కడ పెద్ద చర్చ నడుస్తోంది. దాన్ని కొనే పెద్ద దేశాల్లో మనదీ ఒకటి.

అయితే తుక్కులో ఒక చిక్కుంది. అచ్చుల్లో పోసి చేసిన ఇంజన్ భాగాల్లో సిలికాన్ ఎక్కువ, కిటికీ చట్రాల్లో తక్కువ. రెండూ కలిపి కరిగిస్తే ఆ ముద్దతో మళ్లీ కిటికీ చట్రం చేయడం కష్టం. అందుకని కొన్ని చోట్ల తుక్కుని అరచేతంత ముక్కలుగా నరికి బెల్టు మీద పరిగెత్తిస్తున్నారు. ప్రతి ముక్క మీదా లేజర్ చిటుక్కున మెరుస్తుంది. ఆ మెరుపు రంగుల్ని బట్టి యంత్రం లోహాన్ని గుర్తుపడుతుంది. ఆ వెంటనే గాలి ఊది, ముక్కని దాని గంపలోకి నెట్టేస్తుంది.